సీతాకోకచిలుకకు పుట్టిల్లు మన పెరడే

పెరటి కబుర్లు

“బంతి, చేమంతి, గులాబీ... అన్నీ వేశాం. నర్సరీలో చెప్పిన ఎరువూ వేశాం. పూలు విరగబూస్తున్నాయి కూడా. మరి సీతాకోకచిలుకలు మాత్రం రావేమండీ?”

పెరటి తోట మీద మోజున్న ఇల్లాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగడంలో తప్పేమీ లేదు. పూలుంటే సీతాకోకచిలుకలు వస్తాయని చిన్నప్పటినుంచీ బొమ్మల పుస్తకాల్లో చూస్తూనే ఉన్నాం కదా! కానీ అది సగం నిజం మాత్రమే. పువ్వు దగ్గరికి సీతాకోకచిలుక వచ్చేది తేనె తాగడానికి. తాగుతుంది, వెళ్ళిపోతుంది. అంటే చుట్టపుచూపుగా వచ్చి కాఫీ తాగి వెళ్ళిపోయే బంధువు లాంటిదన్నమాట. అది మన ఇంట్లోనే పుట్టి, పెరిగి, రెక్కలు విప్పుకుని మన కళ్ళ ముందే ఎగరాలంటే కావలసింది పువ్వు కాదు, ఆకు. ఆ ఆకునిచ్చే చెట్టు మన పెరట్లో ఉండాలి.

అందుకే ఈ వారం పూలమొక్కల సంగతి పక్కన పెట్టి, ఏ చెట్టు వేస్తే ఏ సీతాకోకచిలుక వస్తుందో చెప్పుకుందాం. శుభవార్త ఏమిటంటే, వీటిలో చాలావాటి కోసం మీరు ఎక్కడికో వెళ్ళి వెతకనక్కర్లేదు. కరివేపాకు, నిమ్మ, మామిడి, సీతాఫలం – అన్నీ మనకు తెలిసిన చెట్లే.

తల్లి ఎంపిక

సీతాకోకచిలుక పిల్ల పురుగు రూపంలో ఉంటుందని అందరికీ తెలుసు. ఆ పురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదని మాత్రం చాలామందికి తెలియదు. ఒక్కో జాతికి ఒకటో రెండో రకాల చెట్లు, లేకపోతే ఒకే కుటుంబానికి చెందిన నాలుగైదు చెట్లు. అంతే! నిమ్మాకు తినే పురుగుకు జామాకు వేస్తే ఆకలితో మాడుతుందే తప్ప ముట్టదు. మన ఇళ్ళలో గారాబం పిల్లల్లాగే!

అందుకే తల్లి సీతాకోకచిలుక గుడ్డు పెట్టేముందు ఎంతో జాగ్రత్త పడుతుంది. ఆకు మీద వాలి ముందు కాళ్ళతో తడుతుంది. దాని కాళ్ళకే రుచి తెలుసుకునే శక్తి ఉంది. ఇది తన బిడ్డ తినే ఆకేనని రూఢి అయ్యాకే గుడ్డు పెడుతుంది. అదీ లేత ఆకు చూసి, ఎక్కువగా ఒక్కో ఆకుకు ఒక్కో గుడ్డు చొప్పున. అన్నీ ఒకేచోట పెడితే పిల్లలకు తిండి చాలదుగా మరి!

గుడ్డు నాలుగైదు రోజుల్లో పగులుతుంది. పురుగు రెండు మూడు వారాలు తిని, కుబుసం విడుస్తూ పెరుగుతుంది. ఆ తర్వాత గూడు దశలో వారం పది రోజులుంటుంది. వాతావరణాన్ని బట్టి కాస్త అటూ ఇటూగా నెల రోజులలోపే మొత్తం కథ పూర్తి. పిల్లలకు సైన్సు పుస్తకంలో బొమ్మ గీసి చూపించేదంతా మన కరివేపాకు చెట్టు మీదే జరుగుతుందన్నమాట.

కరివేపాకు, నిమ్మ, మారేడు, వెలగ

ఇవన్నీ ఒకే కుటుంబంలోని చెట్లు. ఆకు నలిపితే వచ్చే ఘాటైన వాసనే ఆ చుట్టరికానికి గుర్తు. వీటి మీద ముఖ్యంగా రెండు రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి.

మొదటిది లైమ్ బటర్‌ఫ్లై. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్కల చివర ఓ ఎర్రబొట్టు. దీనికి తోక ఉండదు. రెండోది కామన్ మార్మన్. మగది నల్లగా ఉండి వెనక రెక్క మీద తెల్లమచ్చల వరుస ఉంటుంది, చిన్న తోక కూడా ఉంటుంది. ఆడదాని సంగతే తమాషా. కొన్ని ఆడవి మగవాటిలాగే ఉంటాయి. మరికొన్ని ఎర్రటి మచ్చలతో వేరే జాతిలా కనిపిస్తాయి. ఎందుకంటే ఈశ్వరి తీగ మీద పెరిగే కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుకల ఒంట్లో విషముంటుంది. వాటిని పక్షులు ముట్టవు. మార్మన్ ఆడది ఒంట్లో విషం లేకపోయినా వాటి చీర కట్టుకుని తిరుగుతుందన్నమాట. పక్షి మోసపోతుంది, ఇది బతికిపోతుంది.

ఈ రెండు జాతుల పురుగులూ చిన్నప్పుడు అచ్చం పక్షి రెట్టలా ఉంటాయి. నలుపు, తెలుపు కలిసి ఆకు మీద ఏదో పడిందనుకుని మనమే పట్టించుకోం. పెద్దయ్యాక ఆకుపచ్చగా, నున్నగా తయారవుతాయి. ముట్టుకుంటే తల వెనకనుంచి నాలుక లాంటి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతాయి. భయపడకండి. అవి కుట్టవు, కరవవు, దురద పెట్టవు. చీమల్నీ కందిరీగల్నీ బెదిరించడానికి వాటికున్న ఆయుధం అదొక్కటే.

ఈ నిమ్మజాతి చెట్ల మీదే పెరిగే బ్లూ మార్మన్ అనే పెద్ద నీలి సీతాకోకచిలుకను 2015లో మహారాష్ట్ర తన రాష్ట్ర సీతాకోకచిలుకగా ప్రకటించింది. నిమ్మచెట్టుకు దక్కిన గౌరవం కూడా అందులో కొంత ఉందనుకోవచ్చు!

పెరట్లో స్థలం ఎంత ఉన్నా కరివేపాకు ఉండాల్సిందే. నిమ్మకు ముళ్ళుంటాయి కాబట్టి పిల్లలు ఆడుకునే వైపు కాకుండా గోడ వారగా, ఎండ తగిలేచోట వేయండి. మారేడు, వెలగ పెద్ద చెట్లు. నింపాదిగా పెరుగుతాయి. స్థలం బాగా ఉన్నవాళ్ళకే అవి.

మరి వంటలోకి కరివేపాకు మిగలొద్దా?

ఇదే అసలు సమస్య. “ముచ్చటపడి పెంచుకున్న కరివేపాకు మొక్కని పురుగులు నాలుగు రోజుల్లో మోడు చేసేశాయి. మందు కొట్టక ఏం చేయమంటారు?” అని మీరు అడుగుతారు. కుండీలో ఉన్న చిన్న మొక్కకు అయిదారు పురుగులు పడితే నిజంగానే ఈనెలు తప్ప ఏమీ మిగలవు.

అయితే ఒక్క క్షణం ఆలోచించండి. బజారులో కట్ట దొరుకుతుండగా పెరట్లో కరివేపాకు ఎందుకు వేసుకున్నాం? మందు కొట్టని ఆకు కోసమే కదా! పొద్దున్న పురుగుమందు కొట్టి సాయంత్రం అదే ఆకు పప్పులో వేసుకుంటే ఇక పెరటి మొక్క ఎందుకు? ఈ సీతాకోకచిలుక పురుగును చంపే మందు మన పిల్లల కంచంలోకి కూడా వస్తుంది. ఆ పురుగు ఉందంటే మీ ఆకు తినడానికి పనికొస్తుందనే అర్థం. పురుగు కూడా బతకలేని ఆకు మనకు మాత్రం మంచిదెలా అవుతుంది?

కాబట్టి మందు డబ్బా పక్కన పెట్టి ఇలా చేసి చూడండి.

ఒకటి – కరివేపాకు మొక్కలు రెండు వేయండి. ఒకటి వంటింటికి, ఒకటి సీతాకోకలకు. వంటింటి మొక్క మీద కనిపించిన పురుగును, అది కూర్చున్న ఆకుతో సహా తుంచి రెండో మొక్క మీద పెట్టండి. నిమ్మచెట్టున్నా సరే, దాని మీద పెట్టవచ్చు. చేత్తో పట్టి లాగకండి, దాని కాళ్ళు ఆకును గట్టిగా పట్టుకుని ఉంటాయి.

రెండు – మొక్క మరీ చిన్నదైతే, అంటే మోకాలెత్తు లోపు ఉంటే, దోమతెర ముక్క కప్పి ఉంచండి. మనిషెత్తు దాటాక తెర అవసరం ఉండదు. పెద్ద చెట్టుకు పది పురుగులు ఓ లెక్కే కాదు.

మూడు – ఆకు అంతా తినేసినా మొక్క చచ్చిపోయిందనుకుని పీకేయకండి. కొమ్మల చివర్లు కాస్త కత్తిరించి, గుప్పెడు బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీళ్ళు పోయండి. కొద్ది వారాల్లో మళ్ళీ చిగురిస్తుంది. అసలు కరివేపాకును అప్పుడప్పుడు తుంచితేనే గుబురుగా పెరుగుతుంది. పూత, కాయలు రాగానే తీసేస్తే ఆకు ఇంకా దట్టంగా వస్తుంది.

నాలుగు – వంటలోకి కోసిన రెమ్మను వెలుతురులో ఓసారి తిప్పి చూసి, నీళ్ళలో జాడించి వాడండి. లేత పసుపు రంగులో ఆవగింజ కంటే చిన్న పూసలా కనబడితే అది గుడ్డు. ఆ రెమ్మను మాత్రం మొక్క దగ్గరే వదిలేయండి.

“వేపనూనె కొడితే ఏం కాదుగా?” అని కొందరంటారు. మనకేం కాకపోవచ్చు. పురుగుకు మాత్రం అవుతుంది. వేపనూనె తగిలిన ఆకును పురుగు తినలేదు. సీతాకోకలు కావాలనుకున్న మొక్కమీద అదీ వద్దు. పేనుబంక, పిండినల్లి లాంటివి పడితే నీళ్ళు జోరుగా చిమ్మి కడగండి, బాగా పట్టిన చివుళ్ళను తుంచి పారేయండి. చాలావరకు దానితో సరిపోతుంది.

ఒక్క మాట. నిమ్మతోటలే జీవనాధారంగా ఉన్న రైతులకు ఈ పురుగు శత్రువే. నారుమళ్ళలో, లేత తోటల్లో బాగా నష్టం చేస్తుంది. వాళ్ళ బాధ వేరు. మన పెరట్లోని ఒక్క చెట్టుకు ఆ లెక్క వర్తించదు.

పండ్లచెట్లలో ఏవి?

*సీతాఫలం:* దీని మీద టెయిల్డ్ జే అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. నల్లని రెక్కల మీద చిలకాకుపచ్చ చుక్కలు. ఒక్కచోట నిలవకుండా రెక్కలు టపటపలాడిస్తూనే తేనె తాగుతుంది. వీధుల్లో నిటారుగా స్తంభాల్లా పెంచే నరమామిడి చెట్టు – మనవాళ్ళు అశోకచెట్టు అని పిలిచేది – దీనికి మరీ ఇష్టం. సీతమ్మవారి అశోకం వేరు, ఇది వేరు. సంపంగి ఆకును కూడా ఈ జాతి పురుగు తింటుంది. సీతాఫలం మరీ పెద్ద చెట్టు కాదు, నీళ్ళు పెద్దగా అడగదు. చిన్న పెరడుకు చక్కని చెట్టు.

*మామిడి:* దీని మీద పెరిగేది కామన్ బారన్. దీని పురుగును కనిపెట్టడం గొప్ప పరీక్షే. ఒంటికి రెండువైపులా ఈకల్లాంటి ముళ్ళు, వీపు మీద సన్నటి గీత. మామిడాకు నడిమీన మీద సరిగ్గా ఆ గీత కలిసేలా పడుకుంటుంది. కళ్ళెదుట ఉన్నా కనపడదు. చూడటానికి సరే, దాని ముళ్ళను మాత్రం తాకకండి. పెద్దయిన సీతాకోకచిలుక పూల దగ్గరికి పెద్దగా రాదు, రాలి మగ్గిన పండ్ల రసం కావాలి దానికి. మామిడిచెట్టు కొమ్మకు బదనిక పట్టిందనుకోండి, దానిమీద కామన్ జెజెబెల్ అనే అందగత్తె గుడ్లు పెడుతుంది. పసుపు, ఎరుపు, నలుపు గీతలతో రెక్కలు కలంకారీ చీర అంచులా ఉంటాయి. బదనిక చెట్టు సారం పీల్చేస్తుంది కాబట్టి మామిడి కాపు మీద ఆశ ఉన్నవాళ్ళు తీయించక తప్పదు. పెద్ద చెట్టుకు ఎక్కడో ఓ చిన్న గుబురు ఉంటే చూసీచూడనట్టు ఊరుకోవచ్చు.

*రేగు:* కామన్ పియరో అనే బుల్లి సీతాకోకచిలుక – తెలుపు మీద నల్లచుక్కలు – రేగు ఆకు మీదే పెరుగుతుంది. సంక్రాంతికి భోగిపళ్ళూ దొరుకుతాయి.

*చింత:* పెద్ద స్థలాలున్న పల్లెల్లోవాళ్ళకు. బ్లాక్ రాజా అనే బలమైన, వేగంగా ఎగిరే సీతాకోకచిలుక పురుగు చింతాకు తింటుంది.

*దానిమ్మ:* దీని విషయంలో ముందే చెబుతున్నా, చిక్కుంది. ఇక్కడ పురుగు ఆకు తినదు, కాయకు బెజ్జం చేసి లోపలి గింజలు తింటుంది. కాయలు కావాలనుకుంటే నిమ్మకాయంత ఉండగానే గుడ్డ సంచీ గానీ కాగితం సంచీ గానీ కట్టండి. ఒకటో రెండో కట్టకుండా వదిలేస్తే అవి సీతాకోక వాటా!

*కొబ్బరి:* కొబ్బరి ఆకుల మీదా, వరండాల్లో కుండీల్లో పెంచే అరెకా పామ్ మీదా పామ్‌ఫ్లై అనే గోధుమరంగు సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. అంటే అపార్ట్‌మెంటు వరండాకూ దారి ఉందన్నమాట.

పూలకూ, నీడకూ

*రేల:* వేసవిలో పసుపు గుత్తులు జాలువారుతుంటే ఇల్లు పెళ్ళిపందిరిలా ఉంటుంది. కామన్ ఎమిగ్రెంట్ అనే లేతపసుపు సీతాకోకచిలుకలు దీని లేత ఆకుల మీద గుడ్లు పెడతాయి. వానాకాలంలో ఒక్కోసారి కొమ్మలు బోసిపోయేలా తినేస్తాయి. కంగారు పడి నరికించకండి, చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. ఇంటి గోడకు కనీసం పదిహేను అడుగుల దూరంలో, కరెంటు తీగలు లేనిచోట వేయండి.

*తంగేడు:* రేల వేసేంత చోటు లేదా? తంగేడు వేయండి. తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మకు పూలు, పైగా మాటిల్డ్ ఎమిగ్రెంట్ సీతాకోకలు! నాలుగైదు అడుగుల పొద. ఎండకు తట్టుకుంటుంది, రాతి నేలలోనూ బతుకుతుంది. రోడ్డు విస్తరణలకూ ప్లాట్లకూ చెట్లు పోయి బతుకమ్మ పండక్కి తంగేడు పూలు కొనుక్కునే రోజులొచ్చాయి కాబట్టి ఇంటింటా ఓ పొద ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

*కానుగ:* చల్లని నీడ. కామన్ బ్యాండెడ్ ఆల్, కామన్ సెరూలియన్ జాతులు దీని మీద పెరుగుతాయి. ఇంటి గేటు బయట, వీధి వైపు వేయడానికి ఇంతకంటే మంచి చెట్టు లేదు.

*ఎర్ర గన్నేరు:* కామన్ క్రో పురుగు దీని ఆకు తింటుంది. దీని గూడును ఒక్కసారి చూస్తే మరిచిపోరు. వెండి, బంగారం కలిపి పోత పోసిన చెవి జూకాలా ఆకు కింద తళతళలాడుతూ వేలాడుతుంది. అయితే గన్నేరు ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లోనూ, మేకలూ ఆవులూ తిరిగేచోటా వేయవద్దు.

*జిల్లేడు:* ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకకు పుట్టిల్లు. నారింజరంగు రెక్కలు, చివర్లలో నలుపు, తెలుపు. జిల్లేడు పాలలోని విషాన్ని పురుగు తన ఒంట్లో దాచుకుంటుంది, అందుకని పక్షులు దాని జోలికి రావు. జిల్లేడు పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. ఇంట్లో పెంచనక్కర్లేదు, ఖాళీ స్థలంలో దానంతటది మొలిస్తే పీకించకుండా ఉంటే చాలు. ఈ టైగర్ వేషం వేసుకుని తిరిగే మరో సీతాకోక ఆడది ఉంది – డనాయిడ్ ఎగ్‌ఫ్లై. అది గుడ్లు పెట్టేది ఎక్కడో తెలుసా? మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూర మీద!

వినాయకుడి పత్రి చూడండి

వినాయక చవితికి మనం తెచ్చే ఇరవైఒక్క పత్రిలో బిల్వం, బదరి, చూతం, కరవీరం, దాడిమి, అశ్వత్థం, అర్కం ఉన్నాయి కదా. అంటే మారేడు, రేగు, మామిడి, గన్నేరు, దానిమ్మ, రావి, జిల్లేడు. పైన చెప్పిన సీతాకోకచిలుకల ఇళ్ళే ఇవన్నీ. రావి ఆకు మీద కూడా కామన్ క్రో పెరుగుతుంది. పత్రి కోసం చెట్లు పెంచుకున్న ఊళ్ళో సీతాకోకచిలుకలు ఎందుకు ఎక్కువగా ఉండేవో ఇప్పుడు అర్థమైందా? పత్రి కోసేటప్పుడు ఆకు తిప్పి చూసే అలవాటు పిల్లలకు నేర్పండి. పురుగున్న ఆకును వదిలి పక్కది కోసుకుంటే సరి.

రావి, మర్రి మాత్రం ఇంటి ఆవరణలో వద్దు. వాటి వేళ్ళు గోడలు, పునాదులు పగలగొడతాయి. మేడ మీద పిట్టగోడలో మొలిచిన రావి మొక్క ఉంటే జాగ్రత్తగా వేళ్ళతో తీసి గుడి దగ్గరో, చెరువుగట్టు మీదో నాటించండి.

ఎంత చోటుకు ఎన్ని చెట్లు?

ఫ్లాటులో వరండా మాత్రమే ఉంటే: పెద్ద కుండీల్లో కరివేపాకు, నిమ్మ, అరెకా పామ్. నరమామిడి మొక్కను కూడా మూడు నాలుగడుగుల ఎత్తులో కత్తిరిస్తూ కుండీలో ఉంచవచ్చు. పై అంతస్తులకు వెళ్ళేకొద్దీ సీతాకోకల రాక తగ్గుతుంది, కాస్త ఓపిక పట్టాలి.

చిన్న పెరడు ఉంటే: రెండు కరివేపాకు, ఒక నిమ్మ, ఒక సీతాఫలం, ఒక తంగేడు.

కాస్త పెద్ద పెరడైతే: వీటికి తోడు మామిడి, రేగు, రేల. గేటు బయట కానుగ.

ఊళ్ళో దొడ్డి ఉన్నవాళ్ళు అదృష్టవంతులు: మారేడు, వెలగ, చింత, సంపంగి అన్నీ వేసుకోవచ్చు.

ఫలానా చెట్టు ఇంట్లో ఉండకూడదని కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళకు పట్టింపులుంటాయి. వాళ్ళతో వాదనలు పెట్టుకోకండి. పైన ఇన్ని చెట్లున్నాయి కదా, అందరికీ నచ్చినది ఎంచుకోండి. చెట్టు పది కాలాలపాటు ఉండాలంటే ఇంటిల్లిపాదికీ ఇష్టం కావాలి.

నాటడం, చూసుకోవడం

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక నాటడం మంచిది. చెట్టుకు రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గొయ్యి తీసి, మట్టిలో తట్టెడు చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. ఊతకర్ర కట్టండి. మొదటి రెండు వేసవులు నీళ్ళు మరవకుండా పోస్తే ఆ తర్వాత చాలా చెట్లు వాటి బతుకు అవి బతుకుతాయి.

చోటు ఎంచుకునేటప్పుడు పొద్దుటి ఎండ చూసుకోండి. సీతాకోకచిలుక ఒళ్ళు వెచ్చబడితేనే ఎగరగలదు. తూర్పు ఎండ తగిలి, ఈదురుగాలి తగలనిచోటు దానికి ఇష్టం.

నర్సరీనుంచి తెచ్చిన మొక్కకు అక్కడే మందు కొట్టి ఉండవచ్చు. తెచ్చిన కొత్తలో గుడ్లు పెట్టినా పురుగులు బతకకపోతే దిగులుపడకండి. పాత ఆకు రాలి కొత్త చిగురు వచ్చేదాకా ఆగండి.

పురుగు పెద్దయ్యాక గూడు కట్టడానికి చెట్టు దిగి ఎటో వెళ్ళిపోతుంది. గోడ వారకో, పక్క మొక్క మీదకో, కిటికీ చువ్వ మీదకో. పండగ ముందు బూజులు దులిపేటప్పుడు ఎండుటాకు ముక్కలా వేలాడేది ఏదైనా కనిపిస్తే చీపురు పెట్టేముందు ఓసారి చూడండి.

పళ్ళెంలో ఇసుక పోసి తడిపి ఓ మూల పెట్టండి. మగ సీతాకోకచిలుకలు తడి ఇసుకలోని లవణాలు పీల్చుకోవడానికి వాలుతాయి. నీళ్ళు పైకి నిలవకుండా చూసుకోండి, లేకపోతే దోమలు చేరతాయి. మరీ మగ్గిపోయి ఎవరూ తినని అరటిపండు ఉంటే చెత్తబుట్టలో వేయకుండా చెట్టు కింద ఆ పళ్ళెం పక్కనే పెట్టండి. బారన్ లాంటివి వస్తాయి.

ఒంటికి దురద పెట్టేవి వేరు

“పురుగంటేనే ఒళ్ళు జలదరిస్తుంది, పిల్లలకు దద్దుర్లు వస్తే?” అనే భయం చాలామందికి ఉంది. మునగచెట్టు మొదట్లో గుంపులుగా కనిపించే బొచ్చు గొంగళి పురుగులు దురద పెడతాయి, నిజమే. కానీ అవి సీతాకోకచిలుక పిల్లలు కావు, రాత్రిళ్ళు తిరిగే రెక్కల పురుగు జాతివి. కరివేపాకు, నిమ్మ, సీతాఫలం, రేల మీద మనం చెప్పుకున్న పురుగులకు అలాంటి బొచ్చు ఉండదు. పిల్లలకు ఒక్కటే సూత్రం చెప్పండి: బొచ్చున్నదాన్నీ ముళ్ళున్నదాన్నీ ముట్టుకోకూడదు, మిగతావాటిని చూడాలే తప్ప చేత్తో నలపకూడదు.

ఇంకో సంగతి. పెట్టిన గుడ్లన్నీ సీతాకోకలు కావు. చాలావాటిని పిట్టలు తింటాయి, కందిరీగలు ఎత్తుకుపోతాయి. అది చూసి బాధపడకండి. పిచ్చుక తన పిల్లలకు మొదటిరోజుల్లో పెట్టేది ధాన్యపు గింజలు కాదు, ఇలాంటి మెత్తటి పురుగులే. “పిచ్చుకలు కనబడటం లేదు” అని వాపోతూ పురుగుల్ని చంపుకుంటూ పోతే పిచ్చుక మాత్రం ఏం తిని బతుకుతుంది?

ఉన్న చెట్టును కాపాడండి

కొత్తది నాటడం ఎంత ముఖ్యమో పాతదాన్ని నిలబెట్టడం అంతకంటే ముఖ్యం. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడు మొదట పోయేది పెరట్లోని చెట్లే. కాగితాల మీద సంతకాలు, వాటాల లెక్కలు మగవాళ్ళు చూసుకుంటారులే అని మీరు ఊరుకోకండి. ప్లాను గీయకముందే అడగండి: “గోడకూ ఇంటికీ మధ్య వదిలే జాగాలో ఈ నిమ్మచెట్టు ఉండదా? ఆ మూల ఉన్న మారేడు గోడకు అడ్డమా?” అని. ప్లాను అయ్యాక అడిగితే ఎవరూ వినరు, ముందే అడిగితే ఒక్కోసారి వింటారు. ఆ చెట్టుకు ఇన్నేళ్ళూ నీళ్ళు పోసింది మీరే కాబట్టి ఆ మాట అడిగే హక్కూ మీదే.

మన దేశంలో 1,300 పైగా సీతాకోకచిలుక జాతులున్నాయి. అవన్నీ మన పెరటికి రావాలనేం లేదు. ఒక్క కరివేపాకు చెట్టుకు ఒక్క జాతి వచ్చినా చాలు. ఆగస్టు నుంచి నవంబరు దాకా వీటికి మంచి కాలం. ఆ రోజుల్లో పొద్దున్నే పోపులోకి రెమ్మ తుంచుకునేటప్పుడు లేత ఆకుల్ని ఓసారి తిప్పి చూడండి. పక్షి రెట్టలా కనిపించిందాన్ని దులిపేయకుండా మీ పిల్లల్ని పిలిచి చూపించండి. తర్వాత మూడు నాలుగు వారాలు వాళ్ళే రోజూ మీకంటే ముందు లేచి ఆ చెట్టు దగ్గరికి పరిగెత్తుతారు.

వచ్చే వారం: కుండీల్లో ఆకుకూరలు – ఏ నెలలో ఏది చల్లుకోవాలి?